మురుగుకాలువయే తీరగ్రామముల తొలికోట

గడచిన మహాజనసభలో ఆదాయవ్యయముల పట్టిక చదువుట ముగిసి సభ్యులు లేవబోవుచుండగా, వెనుకవరుసను గూర్చుండిన యొక వృద్ధరైతు నిలువబడి యిట్లు ప్రశ్నించెను: “సముద్రము పెరుగుచున్నదని పత్రికలన్నియు వ్రాయుచున్నవి గదా. నా రెండెకరములు కరకట్ట ననుకొనియే యున్నవి. నా మనుమని నాటికి ఆ చేనిలో వరి పండునా? పండదనుకొందురేని, దాని పూచీమీద ఏండ్లతరబడి వాయిదాల అప్పు నాకేల యిచ్చుచున్నారు?” సభలో కొందఱు నవ్విరి. “మీకెందుకు భయము పెద్దయ్యా, సర్కారువారు గోడ కట్టింతురు” అని వేదికమీదనుండి సమాధానము వచ్చినది. సభ ముగిసినది గాని ప్రశ్న ముగియలేదు. ఆ ప్రశ్నకు నాకు తోచిన ప్రత్యుత్తరమును సభ్యుల యెదుట నుంచుచున్నాను. గోడ యనునది సమాధానమున నొక చిన్న భాగము మాత్రమే యనియు, పెద్దభాగము మన మురుగుకాలువల గట్లమీదను, మన సంఘపు అప్పుల పుస్తకములోను ఉన్నదనియు నా యభిప్రాయము.

మొదట సంగతి యెంతటిదో తెలిసికొందము. భూగోళమంతట సముద్రమట్టము 1901 మొదలు 2018 వఱకు సుమారు 20 సెంటీమీటర్లు, అనగా ఎనిమిది అంగుళములు, హెచ్చినదని అన్నిదేశముల ప్రభుత్వములు కలిసి యేర్పఱచిన శాస్త్రజ్ఞుల సంఘము 2021లో ప్రకటించినది. 2006 మొదలు 2018 వఱకు ఏటేట 3.7 మిల్లీమీటర్ల చొప్పున, అనగా పదేండ్లకు దాదాపు అంగుళమున్నర చొప్పున, పెరిగినది. “అంగుళమున్నర కింత రాద్ధాంతమేల?” యని అడుగువారుందురు. మెట్టసీమ రైతు అట్లడుగవచ్చును. డెల్టా రైతు అడుగరాదు. మన నేల నదులు తెచ్చిన ఒండ్రుచే నేర్పడినది. ఒండ్రునేల తన బరువుచే తానే కొంత క్రుంగుట సహజము. పూర్వము ఏటేట వచ్చు వరద క్రొత్త ఒండ్రు పఱచి ఆ లోటు తీర్చుచుండెను. నేడు కృష్ణా గోదావరుల ఒండ్రులో పెద్దపాలు ఎగువ జలాశయములలో నిలిచిపోవుచున్నది. సముద్రము లేచుచున్నది, నేల దిగుచున్నది. రెండును కలిసి మనకు తగులుచున్నవి.

ఈ మార్పు మనకు ముందుగా కనబడునది సముద్రపుటొడ్డున గాదు, మురుగుకాలువలో. మన కాలువలు నీటిని యంత్రములతో తోడి పోయునవి గావు. నేల వాలునుబట్టి దించునవి. ఆ వాలు అత్యల్పము. కావున మొగచెంత సముద్రము పోటుమీద నున్నంతసేపు మురుగునీరు దిగదు. పాటు వచ్చినప్పుడే దిగును. దినమునకు రెండుమార్లు తలుపు తెఱచినట్లు తెఱచి, రెండుమార్లు మూసినట్లు మూయును. సముద్రమట్టము హెచ్చినకొలది ఆ తలుపు తెఱచియుండు వేళ తగ్గుచుండును. దానికితోడు మొగలో ఇసుక మేటవేసి, కాలువలో గుఱ్ఱపుడెక్కయు తూటికాడయు అల్లుకొనెనేని, ఆ కొద్దివేళయు వ్యర్థమగును. పూర్వము మూడునాళ్లలో తీసిన ముంపు ఇప్పుడు వారమైనను తీయకుండుట కెవరి దృష్టిదోషమును కారణము గాదు, కారణమిది. గాలి వేడెక్కినకొలది అది మోయు తేమయు హెచ్చును. ఒక్క డిగ్రీకి నూటికి 7 వంతుల చొప్పున హెచ్చునని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. కావున పడిన వాన ఒక్కసారిగా పడును, దిగవలసిన నీరు నెమ్మదిగా దిగును.

మనము గతమునుండి నేర్చిన పాఠము ఒకటి కలదు, నేర్వనిది ఒకటి కలదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్టణమును ముంచిన యుప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమ యుప్పెనలో సుమారు 10,000 మంది పోయిరి. అటుపిమ్మట 1990 మే నెలలో అదే తీరమునకు మహోగ్రమైన తుపాను వచ్చినను, ముందుగా హెచ్చరిక చేసి జనులను తరలించుటచే మృతుల సంఖ్య వేయిలోపున నిలిచినది. ఏర్పాటు అనునది ప్రాణమును కాపాడునని ఇంతకంటె నిదర్శనమేమి కావలెను? కాని మనిషిని తరలింపవచ్చును, పశువును తోలుకొనిపోవచ్చును, పొలమును తరలింపలేము. 2023 డిసెంబరు 5వ తేదీన బాపట్లచెంత తీరము దాటిన మిచాంగ్ తుపానులో కోతకు వచ్చిన చేలును, కోసి పనలమీద నున్న వరియు నీటిపాలైనవి. 2025 అక్టోబరు 28వ తేదీ రాత్రి నరసాపురమువైపున దాటిన మొంథా తుపాను నిలుచున్న పైరును పడగొట్టినది. ప్రాణమునకు ఏర్పాటు చేసికొంటిమి. పంటకును నేలకును ఇంకను చేసికొనలేదు.

అట్టి యేర్పాటునకు లోకమున మూడు మార్గములు చెప్పుచున్నారు. సముద్రము నెదిరించి నిలుపుట మొదటిది. నీటితోను ఉప్పుతోను సర్దుకొని సేద్యము సాగించుట రెండవది. నిలుపజాలని చోటును విడిచి వెనుకకు జరుగుట మూడవది. ఈ మూటిలో ఏదియు అంతట పనికిరాదు, ఏదియు ఎచ్చటను పనికిరానిది గాదు. ఏ చోట ఏది యని నిర్ణయించుటయే ప్రణాళిక యనబడును.

మొదటిదైన గోడను విచారింతము. కాకినాడకు చేరువనున్న ఉప్పాడను ఎఱుగనివారుండరు. అచ్చట ఇండ్లును బాటయు సముద్రము కోసికొనిపోవుచుండగా రాళ్లు పోసిరి. ఇసుక నింపిన పెనుగొట్టములు పఱచిరి. అయినను కోత నిలువలేదు. ఊరు, రేవు, ఆసుపత్రి వంటి విడువరాని చోట్ల గోడ కట్టక తప్పదు. కాని గోడ అలను ఆపునుగాని, నేలక్రిందనుండి ఊరు ఉప్పునీటిని ఆపజాలదు. మఱియు గోడకు ప్రతి మురుగుకాలువచెంత నొక తలుపు పెట్టవలసినదే. తలుపు తుప్పుపట్టి మూతపడనిచో పోటునీరు లోనికి వచ్చును. తెఱువబడనిచో వాననీరు లోననే నిలుచును. వంద కిలోమీటర్ల గోడయొక్క బలము దాని తూముతలుపు బలమంతయే. దానిని దినదినము చూచుకొనువాడు పట్టణమునుండి వచ్చువాడు గాడు, గట్టుమీది రైతే.

రెండవదగు సర్దుబాటు మార్గము మనకు మిక్కిలి దగ్గఱది. ఇందులో మొట్టమొదటి పని సార్వా దుక్కికి ముందే మురుగుకాలువలను పూడికతీసి, మొగలను తెఱచుట. ఇది చేయక ఎంత మంచి విత్తనము చల్లినను ఫలము లేదు. ఉప్పెక్కిన నేలను మంచినీటితో కడుగవలెననియు, తరువాత జీలుగ వేసి దుక్కిలో కలుపవలెననియు మనవారందఱు ఎఱుగుదురు. కాని కడిగిన నీరు దిగిపోవు దారి లేనిచో ఉప్పు ఆ మడిలోనే మిగులును.

విత్తనము తరువాతి మాట. మార్టేరు పరిశోధనాస్థానము ప్రసాదించిన స్వర్ణ రకమును మన సీమలో పండించనివారు అరుదు. దానిలోనికి ముంపును తట్టుకొను గుణమును చేర్చి స్వర్ణ సబ్-1 అను రకమును 2009లో విడుదల చేసిరి. పైరు ఎదుగుచుండగా పూర్తిగా మునిగినను రెండు వారములవఱకు ఇది ప్రాణము నిలుపుకొనగలదు. అయితే కోతవేళ పడిపోయి మొలకెత్తు పంటను ఈ గుణము రక్షింపదని మఱువరాదు. ఆ వేళకు కావలసినవి త్వరగా కోయు యంత్రములు, ఆరబోయు కళ్లములు, కప్పు పట్టాలు, గిడ్డంగులు. వీనిని ఒక్కొక్క రైతు విడివిడిగా కొనజాలడు, సంఘము కొనగలదు.

త్రాగునీటి విషయమున బాపట్లప్రాంతపు దొరువులు మనకు మంచి గురువులు. ఇసుకనేలలలో వాననీరు తేలికయగుటచే ఉప్పునీటిమీద తేలియుండును. సముద్రమట్టమునకు మంచినీరు ఒక్కయడుగు ఎత్తున నిలిచినచో, దాని క్రింద సుమారు 40 అడుగుల లోతువఱకు మంచినీరే యుండునని లెక్క. ఆ పై యడుగును లాగివేసినచో క్రింది నలువదియడుగులలో ఉప్పు పైకి లేచును. కావుననే మన పెద్దలు లోతుగా త్రవ్వక, వెడల్పుగా దొరువు త్రవ్వి పైనీటిని మాత్రము చేదుకొనిరి. ఈ పద్ధతినే బాపట్ల పరిశోధకులు గొట్టములతో మెఱుగుపఱచిరి. అట్టి ఇసుకదిబ్బలలో లోతైన బోరు వేయుటకు అప్పిచ్చు సంఘము, ఒక రైతునకు సాయపడి పదిమంది దొరువులను చెఱచినదగును.

మూడవమార్గము పేరు చెప్పుటకే మనకు నోరాడదు. తాతముత్తాతల నేలను విడుచుట యనగా కడుపుకోత. కాని సముద్రమునకును పొలమునకును నడుమ నుండు పఱ్ఱభూములలో కొన్ని యిదివఱకే వరిని విడిచినవి. పంటలేని నేలమీద పంటయప్పు తీసికొని, తీర్చలేక, వడ్డీమీద వడ్డీ మోయుటకంటె, ఆ నేలను మడయడవికో, సరుగుడునకో, గడ్డిబీటికో మార్చుట మేలు. కోరంగి మడయడవులను చూచినవారికి ఆ వేళ్లు ఒండ్రును ఎట్లు పట్టి నిలుపునో తెలియును. గోదావరీ కృష్ణల మొగలచెంత చేపముల్లు ఆకారమున చిన్నకాలువలు త్రవ్వి, పోటునీరు ఎక్కించి, పాడుపడిన చోట్ల మడను మరల పెంచిరి. ఇది గోడవలె గాక బ్రదికియుండు కోట. ఒండ్రు అందినంతకాలము సముద్రముతోపాటు తానును కొంత పైకి లేవగలదు. కాని ఒక్కటి. ఊరందఱి రక్షణకై కొందఱి పొలము మడ కావలసివచ్చినచో, ఆ నష్టము ఆ కొందఱిమీదనే పడుట ధర్మము గాదు. వెనుకనున్న పొలములవారు తమ లాభములో కొంత వారికి పంచవలెను. ఇది పుణ్యకార్యము గాదు, లెక్క. కౌలుదారు గట్టుమీద నిలిచి చూచుచుండగా పరిహారమంతయు పట్టాదారునకే పోవుటయు న్యాయము గాదు.

ఇక ఏ పొలమునకు ఏ మార్గమో ఎవరు నిర్ణయింపవలెను, ఎప్పుడు నిర్ణయింపవలెను? ఇచ్చట మన ప్రణాళికలలో రెండు లోపములు కనబడుచున్నవి. మొదటిది, ప్రణాళికలు గ్రామమునుబట్టియు మండలమునుబట్టియు వ్రాయబడుచున్నవి. నీటికి మండలపు హద్దులు తెలియవు. యనమదుఱ్ఱు గట్టునను, రొంపేరు గట్టునను నివసించువారిని అడుగుడు; ఎగువ గ్రామము వదలిన నీరే దిగువ గ్రామమునకు ముంపు. కొల్లేటినుండి సముద్రమువఱకు సుమారు 60 కిలోమీటర్లు ప్రవహించు ఉప్పుటేఱు ఎన్ని గ్రామముల భాగ్యమును మోయుచున్నదో చూడుడు. కాటను దొరగారు 1847లో మొదలిడి 1852 నాటికి ధవళేశ్వరమున ఆనకట్ట ముగించినప్పుడు డెల్టాను ఒక్కటిగా చూచిరి గాని గ్రామములుగా చూడలేదు. నీరు తెచ్చుటకు పట్టిన ఆ దృష్టిని నీరు పంపుటకును పట్టవలెను. ఒక మురుగుకాలువ తలనుండి మొగవఱకు నున్న గ్రామములన్నియు ఒక్క ప్రణాళిక క్రిందికి రావలెను.

రెండవ లోపము, ఫలాని సంవత్సరమునకు సముద్రము ఇంత పెరుగునని ఊహించి అందుకై నేడే అంతయు కట్టబూనుట; లేదా ఆ ఊహ నమ్మరానిదని నేడేమియు చేయకుండుట. సంవత్సరమునకు బదులు గుర్తులను పెట్టుకొనుట మేలు. వరికి మట్టిలోని ఉప్పు, పరీక్షశాలవారి కొలతలో, 3 డెసిసీమన్లు దాటినది మొదలు ఒక్కొక్క డెసిసీమనుకు దిగుబడి నూటికి సుమారు 12 వంతులు తగ్గునని లెక్క కలదు. నారుదశలోను పూతదశలోను వరి మఱింత సుకుమారి. కావున సంఘము ముందే యిట్లు తీర్మానింపవచ్చును: ఫలాని తూముచెంతి పొలములలో ఉప్పు రెండేండ్లు వరుసగా ఈ గుర్తు దాటినచో దాళ్వా మానుదుము; మఱియొక గుర్తు దాటినచో రకము మార్చుదుము; మూడవ గుర్తు దాటినచో వరిని విడిచి వేఱు పంటకో మడకో పోవుదుము. ముంపు ఎన్ని దినములు నిలుచుచున్నదను దానికిని ఇట్లే గుర్తులు పెట్టవచ్చును. గుర్తు రాకమునుపు ఎవరిని బెదరింపనక్కఱలేదు. గుర్తు వచ్చినపిమ్మట ఎవరితోను వాదింపనక్కఱలేదు. ఆపదవేళ చేయు నిర్ణయముకంటె తీరికవేళ చేసికొన్న కట్టుబాటు న్యాయముగా నుండును.

దీనికి రెండు ఆక్షేపణలు వినవచ్చును. సంఘము అప్పులిచ్చుటకేగాని కాలువలు చూచుటకు గాదని మొదటిది. 1904 నాటి చట్టము పరపతి సంఘములకే యేర్పడినమాట నిజము. కాని 1912లోనే ఇతరవిధముల సంఘములకును చట్టము తలుపు తెఱచినది. 2023లో కేంద్రప్రభుత్వమువారు ప్రాథమిక సంఘములు బహువిధములగు పనులు చేయుటకు అనువగు నమూనా నిబంధనావళిని రాష్ట్రములకు పంపిరి. ఆ యేటనే సహకారరంగమున ధాన్యపు గిడ్డంగుల పథకమును ఆమోదించిరి. అంతకంటె ముఖ్యముగా, అప్పు యొక్క పూచీ పంట. పంట యొక్క పూచీ నేల. నేల ఉప్పెక్కుచుండగా అప్పును మాత్రము భద్రముగా నుంచగల సంఘము లోకమున లేదు. మొగల త్రవ్వకము, పెద్ద లాకుల నిర్మాణము ప్రభుత్వముపని యనుటలో సందేహము లేదు. అయితే ఏ తూము చెడినదో, ఏ మేట ముందు తీయవలెనో లెక్కతో చెప్పి అడుగుట మనపని. లెక్కలేని మొఱకు ప్రత్యుత్తరము ఆలస్యమగును.

రెండవ ఆక్షేపణ చేపల చెఱువులవారిది, రొయ్యల చెఱువులవారిది. “వరి తిండిపెట్టనప్పుడు చెఱువు పెట్టినది, దానిని దూషింతురా?” యని వారడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. ఉప్పునేలలో, ఉప్పునీటి యొడ్డున, మురుగు వేఱుగా పోవు దారి యున్నచోట చెఱువు కూడ ఒక సర్దుబాటే. కాని పంటకాలువలోనికి ఉప్పునీరు వదలు చెఱువు, మురుగుకాలువ గట్టును ఆక్రమించిన చెఱువు, ప్రక్కచేనికి ఊట దింపు చెఱువు, ఒకని లాభమునకు పదిమంది నేలను తాకట్టుపెట్టునది. వ్యవసాయభూములను రొయ్యల చెఱువులుగా మార్చరాదని సుప్రీంకోర్టువారు 1996లో తీర్పు చెప్పిరి. 2005లో తీరప్రాంతపు చెఱువులకై ప్రత్యేకచట్టము వచ్చినది. కొల్లేటిలో అక్రమముగా వెలసిన చెఱువుల గట్లను 2006లో ప్రభుత్వమువారు తెగగొట్టించినప్పుడు ఎంతమంది కన్నీరు పెట్టిరో మనమెఱుగుదుము. అప్పు ఇచ్చుటకు ముందు అడుగవలసిన ప్రశ్నను గట్టు తెగిన తరువాత అడుగుట దయ గాదు.

కావున నేను కోరునవి పెద్దపనులు గావు. మన మురుగుకాలువ గట్టుమీది సంఘములన్నియు ప్రతినిధులను పంపి, తలనుండి మొగవఱకు నొక పటము వ్రాయించవలెను. ముంపు పొలములు, చెడిన తూములు, ఉప్పు ఊరు చోట్లు అందు గుర్తింపవలెను. ప్రతి సంఘమును ఉప్పుకొలత పుస్తకమొకటి పెట్టి, నెలకొకమారు కాలువనీటిని జేబుయంత్రముతోను, ఏడాదికొకమారు మట్టిని పరీక్షశాలలోను చూపించి వ్రాయవలెను. చెఱువుకుగాని లోతైన బోరుకుగాని అప్పు అడిగినప్పుడు, మురుగు ఎచ్చటికి పోవునో, ఇరుగుపొరుగు రైతులేమందురో విచారించియే మంజూరు చేయవలెను. నికరలాభములో కొంతభాగమును, నిబంధనలు అనుమతించు మేరకు, కాలువల మరమ్మతుకును, నేల విడువవలసినవారి సాయమునకును వేఱుగా తీసి యుంచవలెను. కౌలుదారుని పేరు ఈ పుస్తకములన్నిటిలో ఎక్కవలెను. ఏలయన, నీటిలో నిలుచువాడు తఱచుగా అతడే.

ఇక ఆ వృద్ధరైతునకు నా జవాబు. పెద్దయ్యా, నీ రెండెకరములలో నీ మనుమడు వరి పండించునని నేను మాట యీయలేను, పండింపడనియు చెప్పజాలను. కాని నీ చేనిలో ఉప్పు ఏ గుర్తున నున్నదో మన సంఘము ఏటేట నీకు తెలుపునట్లును, ఆ గుర్తు దాటిన నాడు ఏమి చేయవలెనో నీతో కూర్చుండి ముందే వ్రాసికొనునట్లును, ఆ నాడు నీవు ఒంటరిగా నష్టపడకుండునట్లును చేయగలము. ఈ హామీ లేకుండ నీకు దీర్ఘకాలపు అప్పిచ్చుట మా తప్పు. రాబోవు మహాజనసభలో ఈ తీర్మానమును ప్రతిపాదించుటకు నేను సిద్ధముగా నున్నాను. బలపఱచు సభ్యులు సభకు ముందే, కాలువలో నీరు తగ్గియున్న ఈ దినములలో, నాతోకూడ ఒక్కమారు మొగవఱకు గట్టువెంబడి నడచి రావలసినదని వేడుకొనుచున్నాను. చూచివచ్చినపిమ్మట సభలో నవ్వువారుండరు.